నీలి పలుకు

సూర్యాపేటకు సముద్రం లేదు. పట్టణానికి మూసీ ఉంది, జిల్లా దక్షిణ భాగానికి సాగర్ ఎడమ కాలువ ఉంది, రేయింబవళ్లు నిద్రపోని జాతీయ రహదారి ఉంది. ఆ రహదారి మీదనే తూర్పుగా బయలుదేరి, కోదాడ దాటి, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరితే గాని ఉప్పుగాలి ముఖానికి తగలదు. అయినా ఆ పట్టణంలోని ఒక ఇంటి ముందుగదిలో, రెండు వందల లీటర్ల గాజు తొట్టిలో, కొంత సముద్రం ఉండేది. రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడు దానిని తన చేతులతో తయారు చేసుకున్నాడు.

తయారు చేసుకున్నాడనుట అతిశయోక్తి కాదు. సముద్రజలంలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అవి కేవలం వంటింటి ఉప్పు కాదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం మొదలైనవన్నీ తగు పాళ్లలో ఉండాలి. అట్టి లవణ మిశ్రమం ఏడు కిలోలు తెప్పించి, శుద్ధిచేసిన నీటిలో కలిపి, సాపేక్ష సాంద్రత 1.025 వచ్చేదాకా కొలిచి చూచి, నెల రోజులు ఖాళీ తొట్టిని నడిపిన పిమ్మటనే ఆయన అందులో ప్రాణిని వదలినాడు. వేసవిలో సూర్యాపేట ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. తొట్టిలోని నీరు ఇరవై ఏడు డిగ్రీలు దాటరాదు. అందుచేత ఆ ఇంట మనుషులకన్న ముందు చేపలకు పంకా తిరిగేది. ఎండకు ఆవిరైపోయేది నీరే గాని ఉప్పు కాదు గనుక, ప్రతి ఉదయం తగ్గినంత మంచినీటిని కొలిచి పోసేవాడు. ఈ పని ఆయనకు పూజ వంటిదని భార్య మందలింపుగా అనేది. పూజకు ఇంత సమయం పట్టదని కూడా అనేది.

ఆ తొట్టిలో కాషాయవర్ణం మీద తెల్లని పట్టీలు గల రెండు క్లౌన్ చేపలు, వాటికి పడకటిల్లు వంటి ఒక సముద్రపు ఎనిమోన్, ఎర్రని వీపు గల మూడు రొయ్యలు, కొన్ని నత్తలు, ఖాళీ గుల్లలో తలదాచుకొనే ఒక సన్యాసి పీత ఉండేవి. పగడపు జీవులు లేవు. మన దేశంలో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్నది; అధ్యాపకునికి ఆ సంగతి తెలుసు. వాటికి బదులు సున్నపు జాతికి చెందిన ఎండురాళ్లను పేర్చి, అడుగున అదే జాతి ఇసుకను పరిచాడు. ఈ రాళ్ల సంగతి తరువాత మళ్లీ వస్తుంది.

ఒకనాడు క్లౌన్ చేపల మీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపించాయి. కోస్తా రైతులు తెల్లమచ్చ వ్యాధి అనగానే 1990ల నడుమ రొయ్యల చెరువులను తుడిచిపెట్టిన వైరస్ తెగులును తలచుకొని ఉలిక్కిపడతారు. ఇది అది కాదు. ఇది చేపల చర్మంలో దూరే ఒక సూక్ష్మ ఏకకణజీవి పని. సరిగా అదే వారంలో కోదాడలో దగ్గరి బంధువుల ఇంట పెళ్లి వచ్చింది. మూడు రోజులు ఇల్లు విడిచి వెళ్లక తప్పలేదు. తొట్టికి నీరు పోసే బాధ్యతను అధ్యాపకుడు తన భార్య అన్నగారికి అప్పగించాడు. ఆయన మిర్యాలగూడ దగ్గరి రైతు. ఆసుపత్రి పని మీద సూర్యాపేట వచ్చి, ఆ ఇంటనే దిగి ఉన్నాడు. కాలువ కింద నాలుగెకరాల వరి, కాలువ నీరెక్కని చెలకలో బత్తాయి తోట ఆయన ఆస్తి. మాట తక్కువ, చేతి సాయం ఎక్కువ.

పెళ్లి నుండి తిరిగివచ్చేసరికి చేపల మీది చుక్కలు మాయమైనాయి. మూడు రొయ్యలూ చనిపోయి ఉన్నాయి. నత్తలు గాజును వదలి ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. ఎనిమోన్ తన వేళ్లన్నిటిని లోపలికి ముడుచుకొని, నలిగిన గుడ్డ ముద్దవలె రాతికి అంటుకొని ఉంది. నీరు మాత్రం ఎన్నడూ లేనంత తేటగా ఉంది. బావగారు అంతకు ముందు రోజే ఊరికి వెళ్లిపోయాడు.

చేపలు బాగున్నవి, రొయ్యలు చచ్చినవి. రసాయన శాస్త్రం చదివినవానికి ఈ రెండు మాటలు పక్కపక్కన వింటే చాలు, మూడవమాట తోస్తుంది. అది రాగి.

రాగి మన ఇళ్లలో పవిత్రమైన లోహం. పూజకు రాగి చెంబు కావాలి. తాళ్లపాక వారి సంకీర్తనలు శతాబ్దాల పాటు నిలిచినవి రాగి రేకుల మీదనే. రాత్రి రాగి పాత్రలో ఉంచిన నీటిని ఉదయం తాగడం పెద్దల అలవాటు. అందులో రోగకారక సూక్ష్మజీవులు నశిస్తాయని 2012లో ప్రచురితమైన ఒక పరిశోధన కూడా తెలిపింది. తాగునీటిలో లీటరుకు 0.05 మిల్లీగ్రాముల వరకు రాగి ఉండవచ్చునని, వేరే నీటివనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. రొయ్య కొలత వేరు. మనిషి నిర్భయంగా తాగగల నీటిలో అది ఒక రాత్రి బతకలేకపోవచ్చు. ఇందులోని విచిత్రం ఏమంటే, మన నెత్తుటిలో ఇనుము చేసే పనిని రొయ్య నెత్తుటిలో రాగియే చేస్తుంది. ప్రాణవాయువును మోసే హీమోసయానిన్ అనే పదార్థంలో రాగి ఉంది. అందుకే ప్రాణవాయువు సోకినప్పుడు ఆ నెత్తురు నీలంగా కనిపిస్తుంది. తన దేహంలో పద్ధతిగా బంధింపబడిన రాగితో బతికే ప్రాణి, నీటిలో విడిగా తిరిగే రాగి మొప్పలకు తగిలితే చచ్చిపోతుంది. విడి రాగి మొప్పల కణాలను దెబ్బతీసి, దేహంలోని లవణాల సమతూకాన్ని చెడగొడుతుంది.

అయితే ఆ రాగి ఎక్కడిది? అధ్యాపకుడు తొలుత ఎవరినీ అనుమానించలేదు, వస్తువులను అనుమానించాడు. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమమే గదా అని కుళాయిని విప్పి చూచాడు. నీరు తోడే మోటారును విప్పాడు. వేడి కడ్డీ తీగ తొడుగు చిట్లిందేమోనని భూతద్దంతో వెదికాడు. శుద్ధియంత్రం పొరను కూడా సందేహించాడు. ఆ రెండు రోజులు ఇల్లంతా మరమ్మతు దుకాణంలా ఉండేది. హైదరాబాదు నుండి బస్సులో తెప్పించిన పరీక్ష సామగ్రి మూడవనాటికి చేరింది. గొట్టంలో నీరు పట్టి, చుక్కలు వేసి, తేలిన రంగును అట్టమీది రంగులతో పోల్చాడు. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు.

ఆ సాయంత్రమే మిర్యాలగూడ నుండి ఫోను వచ్చింది. చేపలెట్లున్నవని బావగారు అడిగాడు. బాగున్నవని, రొయ్యలు మాత్రం పోయినవని అధ్యాపకుడు చెప్పాడు. అవతల కొంతసేపు మౌనం.

“బావా, నీళ్లల్ల నీలం పలుకు ఏసింది నేనే. చేపలకు చుక్కలు లేసినయని చిటికెడు ఏసిన. చెరువుల చేపలకు మేం గట్లనే ఏస్తం. రొయ్యలు పోతయని తెల్వదు.”

నీలం పలుకు అంటే మైలుతుత్తం, రాగి గంధకితం. తోటకు కొన్న దానిలో కొంత ఆయన సంచిలో ఉండిపోయింది. రైతుకు అది పరాయి వస్తువు కాదు. 1885 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు బోర్డో సీమలో మిల్లార్డె అనే శాస్త్రజ్ఞుడు ద్రాక్షతోటల బూజు తెగులుకు మైలుతుత్తాన్ని సున్నంతో కలిపి మందుగా ప్రతిపాదించాడు. ఆ బోర్డో మిశ్రమమే నేడు నల్లగొండ బత్తాయి తోటల్లో బంక కారే చెట్ల మొదళ్లకు రైతులు పూసేది. వరి మడిలో పాచి పట్టినప్పుడు మైలుతుత్తాన్ని గుడ్డలో మూటగట్టి నీరు పారే మడవ దగ్గర ఉంచడం కూడా వారెరిగినదే. చేపల చుక్కలకు రాగి మందేనన్న ఆయన జ్ఞానంలో కూడా తప్పు లేదు. సముద్రపు చేపల వ్యాధికి లోకమంతటా పెంపకందార్లు వాడేది ఆ రాగినే, లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల మోతాదులో. అయితే ఆ వైద్యాన్ని వేరే తొట్టిలో, రాళ్లు, రొయ్యలు లేనిచోట చేస్తారు. అంత మాత్రమే తేడా.

అధ్యాపకుడు కాగితం తీసి లెక్క వేశాడు. మైలుతుత్తం బరువులో రాగి నాలుగవ వంతు. చిటికెడు అంటే గ్రాములో అయిదవ వంతు అనుకుంటే రాగి 50 మిల్లీగ్రాములు. రెండు వందల లీటర్లకు పంచితే లీటరుకు 0.25. ఏ కొలతా లేకుండా బావగారి వేళ్లు వైద్యుని మోతాదుకు దాదాపు దగ్గరగానే తీశాయి. ఆ సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అని అధ్యాపకుడు చాలాసేపు ఆలోచించి, చెప్పలేదు.

మరొక సంగతి కూడా చెప్పలేదు. చుక్కలు పోవడం మందు గొప్పతనమేనని నిశ్చయంగా అనలేము. ఆ సూక్ష్మజీవి చేప చర్మంలో కొద్ది రోజులు మేసి, తనంతట తాను రాలిపోయి, ఇసుకలో గుడ్డుగుల్ల వంటి కవచం కట్టుకొని, లోపల వందలుగా చీలి, మళ్లీ చేపను వెదుక్కుంటూ బయలుదేరుతుంది. చర్మంలో ఉన్నప్పుడు గాని, కవచంలో ఉన్నప్పుడు గాని రాగి దానిని ఏమీ చేయలేదు. నీటిలో ఈదే కొద్ది గంటలలోనే చంపగలదు. కనుక చుక్కలు మాయమైన రోజు వ్యాధి నయమైన రోజు కాదు. ఈ మర్మం తెలియక ఎందరో మందును మధ్యలోనే మానివేస్తారు.

ఇక రాగిని వెళ్లగొట్టే పని మిగిలింది. మొదట బతికి ఉన్న ఎనిమోన్‌ను, పీతను, కొన ఊపిరితో ఉన్న రెండు నత్తలను కొత్తగా కలిపిన ఉప్పునీటి టబ్బులోకి మార్చాడు. చేపలను రాళ్లు లేని మరొక గాజు పెట్టెలో ఉంచి, దినదినం కొలుస్తూ అదే రాగితో నాలుగు వారాలు వైద్యం చేశాడు. ఒక గదిలో రాగిని చుక్క చుక్కగా కలుపుతూ, పక్క గదిలో రాగిని చుక్క చుక్కగా తోడుతూ ఉండే ఆ ఇంటిని చూచి భార్య నవ్వుకొనేది.

నీరు మార్చడం వినడానికి సులభం. తొట్టిలో నాలుగవ వంతు నీరు తీసి కొత్తనీరు పోస్తే రాగిలో నాలుగవ వంతు పోతుంది. రెండవసారి పోయేది మిగిలినదానిలో నాలుగవ వంతే. నాలుగుసార్లు మార్చినా మూడవ వంతుకు కొంచెం తక్కువగా మిగిలే ఉంటుంది. ఎన్నిసార్లు మార్చినా సున్న రాదు. ఆయన ఎనిమిది రోజులలో నాలుగుసార్లు యాభై లీటర్ల చొప్పున మార్చాడు. లెక్క ప్రకారం 0.06 రావాలి. పరీక్షలో 0.05 దగ్గర కనిపించింది. సంతోషించాడు. వారం తరువాత మళ్లీ పరీక్షించగా 0.1 వచ్చింది. ఎవరూ ఏమీ వేయలేదు. అయినా రాగి పెరిగింది.

ఈ ముడిని విప్పినది అధ్యాపకుని రసాయన శాస్త్రం కాదు. బావగారి బత్తాయి తోట. ఆయన తప్పు చేసిన పిల్లవానివలె రెండు రోజులకొకసారి ఫోను చేసి నీళ్ల సంగతి అడుగుతుండేవాడు. కత్తి ముంచి చూచినావా అని ఒకనాడు అడిగాడు. బోర్డో మిశ్రమం కలిపిన తరువాత మెరిసే ఇనుప కత్తిని అందులో ముంచి తీస్తారు. కత్తి మీద ఎర్రని పూత పడితే విడి రాగి మిగిలి ఉన్నదని, సున్నం చాలలేదని అర్థం; మరికొంత సున్నపు తేట పోస్తారు. ఆకు మాడకుండా రైతులు చేసుకొనే పరీక్ష ఇది. ఇనుము రాగిని దాని లవణం నుండి తొలగిస్తుందని తరగతి గదిలో ముప్పై ఏళ్లు చెప్పినది ఇదే గదా అని అధ్యాపకునికి నవ్వు వచ్చింది. తొట్టిలోని రాగి అంత స్వల్పమైనప్పుడు కత్తికి ఏమీ తెలియదని వివరించి, నీరు మార్చినా రాగి మళ్లీ పుడుతున్నదని వాపోయాడు.

“రాళ్లు సున్నపురాళ్లు గదా బావా,” అన్నాడు రైతు. “సున్నం తుత్తాన్ని పట్టుకుంటది. పట్టుకున్నది ఎప్పుడో ఒకప్పుడు ఇడుస్తది.”

నిజమే. సున్నపు రాళ్లు, ఇసుక మొదటి రాత్రే రాగిలో కొంత మింగినాయి. నీటిలో రాగి తగ్గేకొద్దీ, ఆమ్లగుణం కొద్దిగా పెరిగినప్పుడల్లా, అవి దానిని తిరిగి వదులుతున్నాయి. తొట్టిలోని నీటినే శుభ్రం చేసి లాభం లేదు. రాయి మనసు కూడా మారాలి.

రాయి నీటికి ఏమిచ్చునో నల్లగొండ సీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. అధ్యాపకుని బాల్యం మర్రిగూడ వైపు గడిచింది. అక్కడి నేల అడుగున ఉన్న రాతిపొరలు నీటికి ఫ్లోరైడును ఇస్తాయి. ఆ నీరు కూడా ఇంతే తేటగా ఉండేది. బావి లోతైనకొద్దీ చల్లగా, తీయగా ఉండేది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే కీడు చేసే ఫ్లోరైడు, అంతకు ఎన్నో రెట్లు ఆ నీటిలో ఉన్నదని కంటికి గాని నాలుకకు గాని తెలియలేదు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలుగా, పెద్దల వంగిన వెన్నులుగా, బిగుసుకొన్న మోకాళ్లుగా తెలిసింది. ఆయనతో గోలీలాడిన పినతండ్రి కొడుకు ఇరవై ఏళ్లకే కర్ర పట్టాడు. మన దేశంలో ఈ వ్యాధిని మొదట 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుండి వైద్యులు వివరించారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును ముద్దగట్టించి అడుగుకు దింపే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఒక జిల్లా పేరు ఇట్లా ప్రపంచ గ్రంథాలకెక్కడం గర్వించదగినదో కాదో అధ్యాపకునికి ఏనాడూ తేలలేదు. దూరపు కృష్ణాజలం గొట్టాల ద్వారా వచ్చిన పల్లెల్లో పిల్లలు వేరే నీరు తాగి పెరిగారు. వంగిన వెన్నులు మాత్రం తిరిగి నిటారు కాలేదు.

రొయ్యల కోసం ఇంత తాపత్రయమా అని చుట్టుపక్కలవారు అడిగినప్పుడు ఆయన ఈ సంగతులేవీ ఎత్తేవాడు కాదు. పరీక్ష గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి రంగు చూచే వేళ ఆయన ముఖంలో కనిపించే ఆదుర్దా మాత్రం మూడు రొయ్యలకు తగినది కాదు.

అడుగు ఇసుకనంతటిని తీసివేశాడు. రాళ్లను కూడా పారవేసి కొత్తవి కొనుట సులభమైన మార్గం. ఏడేళ్ల నుండి వాటిని పట్టుకొని ఉన్న మేలుచేసే సూక్ష్మజీవులను పోగొట్టుకోవడానికి మనసొప్పక, కష్టమైన మార్గం పట్టాడు. ఉత్తేజిత బొగ్గు కొంత, రాగిని ప్రత్యేకంగా పట్టుకొనే రెజిన్ గుళికలు కొంత వడపోతలో ఉంచాడు. మరొక రకం మెత్తని వడపోత పొర ఉంది. రాగిని పీల్చినకొద్దీ అది నీలిరంగుకు తిరుగుతుంది. మొదటి పొర పది రోజులకే నీలమైంది. రెండవది మూడు వారాలకు. మూడవది నెల దాటినా తెల్లగానే, కాస్త మురికిపట్టి, ఉండిపోయింది. ఆ పొరను చూచుటకు బావగారు మిర్యాలగూడ నుండి ఒకసారి పనిగట్టుకొని వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచి ఉంది. పొరను వేళ్లతో తడిమి చూచి, ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా వరి ధర గురించి, మిల్లుల ముందు నిలిచిన ట్రాక్టర్ల గురించి మాట్లాడాడే గాని తొట్టి ఊసెత్తలేదు.

పరీక్ష సామగ్రి సున్న చూపింది. కాని ఆ సామగ్రికి కనిపించనంత కొద్ది రాగికి కూడా నత్తలు బాధపడగలవు. ప్రాణి సంగతి ప్రాణి చెప్పవలసిందే. టబ్బులో బతికి బయటపడిన రెండు నత్తలలో ఒకదానిని అధ్యాపకుడు తొట్టిలో వదలినాడు. తన చేతితో ఒక జీవిని అపాయంలోకి దింపుతున్నానన్న బాధ ఆయనకు ఉంది. ఆ రాత్రి మూడుసార్లు లేచి, దీపం వేసి చూచాడు. తెల్లవారేసరికి నత్త గాజు మీద జానెడు ఎత్తు ఎక్కి, వెనుక పాచి లేని సన్నని దారి విడిచి ఉంది. పది రోజుల తరువాత ఎనిమోన్, పీత, ఆపైన చికిత్స ముగిసిన చేపలు తిరిగి తొట్టి చేరాయి. అప్పటికి చేపలు లేని ఆ తొట్టిలో తెల్లచుక్కల జీవి తిండిలేక నశించడానికి చాలినన్ని వారాలు గడిచాయి. చివరకు, ఎంతో తటపటాయించి, ఒక్క రొయ్యను తెప్పించాడు.

అది వచ్చిన పన్నెండవ నాడు బావగారు మళ్లీ ఆసుపత్రి పని మీద వచ్చి ఆ ఇంటనే పడుకొన్నాడు. తెల్లవారుజామున ఆయనే అధ్యాపకుని భుజం తట్టి లేపాడు. గొంతు బొంగురు పోయింది.

“బావా, నేనేం ఎయ్యలే. నీళ్లు గూడ ముట్టలే. కని రొయ్య పోయింది.”

ఇద్దరూ ముందుగదిలోకి వచ్చారు. రాళ్ల ముందు రొయ్య పడి ఉంది. మీసాలు, కాళ్లు, తోక అన్నీ ఉన్నాయి, కదలిక లేదు. అధ్యాపకుడు కళ్లద్దాలు పెట్టుకొని గాజుకు ముఖం ఆనించాడు. లోపల పడి ఉన్నది గాజువలె పారదర్శకంగా ఉంది. దానికి అవతల, రాతి సందులో, కొత్త తోలు ఇంకా గట్టిపడని రొయ్య ఒదిగి కూర్చొని, ఎర్రని మీసాలను మెల్లగా ఆడిస్తున్నది. పడి ఉన్నది అది విడిచిన పాత కుబుసం.

బావగారికి వేలితో చూపించాడు. ఆయన చాలాసేపు వంగి చూచి, దగ్గరలో ఉన్న పీట లాక్కొని అక్కడనే కూర్చున్నాడు.